నాలుగు టైల్సంత చోటు

జయరావు జెండాలు కనపడలేదు. ఎర్రదీ లేదు, పచ్చదీ లేదు. ఎనిమిదింటికి గీదం స్టేషన్లో డ్యూటీ ఎక్కాలి. గడియారం చూస్తే ఏడున్నర. మేకుకి వేలాడే సంచీ చూస్తే ఖాళీ.

రైళ్ళకి జెండా ఊపే పాయింట్స్‌మన్ ఇంట్లో జెండాలు పోవడమంటే వంటింట్లో గరిటె పోవడం లాంటిది. ఎప్పుడూ ఒకేచోట ఉండే వస్తువు కనక, ఇంకెక్కడ వెతకాలో ఎవరికీ తోచదు.

"అమ్మా, జెండాలు నువ్వు తీసేవా?"

వరహాలమ్మ వసారాలో స్తంభానికి వీపు ఆనించి కూర్చుంది. ఆవిడ అన్నం మానేసి ఇది మూడో రోజు.

"నానేటి గార్డునా, నాకెందుకు జెండాలు" అంది.

"తియ్యకపోతే ఎక్కడికెల్లిపోతాయి? కాళ్ళొచ్చి నడిచెల్లిపోయేయా?"

"ఈయేళ డ్యూటీకెల్లకురా బాబూ. ముందా గచ్చు మూయించీ. మూయించీసి అప్పుడెల్లు. నిన్నెవులొద్దన్నారు."

"ఎందుకు మూయించాలో చెప్పు. చెప్పిన మరుక్షణం మూయించేస్తాను."

 మూడు రోజులుగా ఇదే వరస. మూసెయ్యండి అంటుంది, ఎందుకంటే పెదవులు బిగిస్తుంది.

సోమవారం దాకా ఈ ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు. హాల్లో ఎర్ర సిమెంటు గచ్చు నెర్రెలిచ్చి, ఊడ్చినకొద్దీ పొడి రాలుస్తోందని కొత్త టైల్సు వేయిద్దామనుకున్నారు. బచేలి క్వార్టర్లలో గచ్చు పనులు చేసే బంగారురాజుని పిలిచారు. కొత్తవి పాతదాని మీదే పరుస్తారనుకుని వరహాలమ్మ అడ్డుచెప్పలేదు. మూడో దెబ్బకే సిమెంటు పెచ్చు, పెనం మీది అట్టులా మొత్తంగా లేచొచ్చింది. దాని కింద వేలెడు మందాన ఇసక. ఇసక కింద పువ్వులు.

నీలం, కావిరంగు, తెలుపు కలిసిన పాతకాలం సిమెంటు టైల్సు. నాలుగు కలిస్తే ఒక పువ్వు. గోడనించి గోడదాకా పువ్వులే. సరిగ్గా హాలు నడిమధ్యన మాత్రం నాలుగు టైల్సంత చోటు ఖాళీ. అక్కడ వట్టి మట్టి.

కొత్త టైల్సు మాట అప్పుడే ఎగిరిపోయింది. వీటినే బాగుచేయించుకుందాం అన్నాడు జయరావు. కోడలు దేవుడమ్మ అప్పటికే చీర చెంగు నడుముకి చెక్కి చీపురు పట్టుకుంది. వరహాలమ్మ ఒక్కసారి లోపలికి తొంగిచూసి, ఆ ఖాళీ చోటు కేసి చూసి, వసారాలోకొచ్చి కూలబడింది. అప్పటినించీ లేవలేదు, తినలేదు.

"స్టేషన్ మాస్టారి దగ్గర ఇంకో జత జెండాలుంటాయి. అవి తీసుకుంటాలే" అని జయరావు సైకిలు స్టాండు తీశాడు.

వరహాలమ్మ చటుక్కున లేచి వెనక క్యారియర్ పట్టుకుంది. మూడు రోజుల పస్తు మీద అంత బలం ఎలా వచ్చిందో మరి.

"అమ్మా, వదులు. వీధిలో జనం చూస్తున్నారు."

"సూడనీ."

"కిరండోల్ నించి ఓర్ రేక్ బయల్దేరిపోయుంటాది. నేను లేకపోతే ఎలాగ?"

ఓర్ రేక్ మాట వినగానే ఆవిడ చేతులు వాటంతటవే వదిలేశాయి. ఇనపరాయి మోసుకుపోయే ఆ రైలంటే ఆవిడకి కొత్త కాదు, దాని చప్పుడు మధ్యనే కాపురం చేసింది. కానీ ఈ రోజు ఆవిడ మొహం పాలిపోయింది. జయరావు చూసుకోలేదు. దేవుడమ్మ చూసింది.

దేవుడమ్మ ఆ ఇంటి కోడలై పదమూడు నెలలైంది. ఏదైనా తెలీకపోతే ఆ పిల్లకి నిద్రపట్టదు. కందకి లేని దురద కత్తిపీటకెందుకే అని కన్నతల్లి చిన్నప్పటినించీ తిడుతూనే ఉంది, తిట్లు అరిగిపోయాయి గాని దురద తగ్గలేదు. మామగారు పైడయ్యని ఆమె చూడనేలేదు. పెళ్ళికి ఏడాది ముందే పోయాడు, ఆ ఉద్యోగమే జయరావుకి వచ్చింది. ఆయన రైల్వే గ్యాంగ్‌మన్ అనీ, వానొచ్చినా వరదొచ్చినా వసారాలో కూర్చునే అన్నం తినేవాడనీ మాత్రం తెలుసు. ఎందుకత్తా అని కాపురానికొచ్చిన వారంలోనే అడిగింది. "ఆయనిష్టం" అంది వరహాలమ్మ. ఆ జవాబు దేవుడమ్మకి అప్పుడూ సరిపోలేదు, ఇప్పుడూ సరిపోలేదు.

*

హాల్లో బంగారురాజు తల పట్టుకుని కూర్చున్నాడు.

మొన్న మూల టైలు మీద ఆసిడ్ పోసి, నీలం పువ్వుని బూడిదరంగు చేసిపెట్టాడు. దేవుడమ్మ ఆ డబ్బాని అప్పుడే పెరట్లోకి సాగనంపింది. అప్పటినించీ కుంకుడు రసం, కొబ్బరి పీచు, అతుక్కున్న సిమెంటు గీకడానికి పాత బ్లేడు. ఒక్కో పువ్వూ మొహం కడిగినట్టు బయటికొస్తోంది. దానికేం ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా ఖాళీచోటు చుట్టూ ఉన్న పన్నెండు టైల్సుతో. మట్టి కుంగి అవి కదులుతుంటే నిన్న తీశాడు. తీసినవి తిరిగి పట్టడం లేదు.

"సెల్లెమ్మా, ఇరవై ఏళ్ళబట్టి ఈ పని సేస్తన్నాను. తీసిన టైలు తీసినకాడ పట్టకపోడం ఇదే సూడ్డం."

"వరస గుర్తుపెట్టుకున్నావా అన్నా?"

"గుర్తెందుకు, ఎనకాల నంబర్లుంటేని?"

తిప్పి చూపించాడు. ప్రతి టైలు వీపు మీదా తెల్లరంగుతో, కిలోమీటరు రాయి మీద రాసినట్టు నిటారుగా అంకెలు. 109, 110, 111. పైడయ్య రాతే. చిక్కేమిటంటే ఆయన ప్రతి టైలు అంచునీ ఆకురాయితో అరగదీసి, పక్కదానికి సరిపెట్టి పరిచాడు. ఒకదాని చోట ఒకటి పెడితే అంచులు కలవవు.

"ఎటునించి లెక్కెట్టేవు?"

"వీధి గుమ్మంనించి. ఇల్లన్నాక ముందు అదే కదా."

దేవుడమ్మ వీధి గుమ్మం కేసి చూసింది, పెరటి గుమ్మం కేసి చూసింది. జయరావు చెప్పి నవ్వే కబురొకటి గుర్తొచ్చింది. ఈ రైలు లైనుకి కిలోమీటర్లు కొత్తవలసనించి మొదలవుతాయి, కిరండోల్లో అయిపోతాయి. పైడయ్య ఆ లెక్క ఇంట్లోకి కూడా తెచ్చుకున్నాడట. మంచానికి కొత్తవలస వైపు, కిరండోల్ వైపు అనేవాడట. కొత్తవలస వైపు కోడు ఊగుతోంది, చెక్క కొట్టాలి అనేవాడట.

"అన్నా, కొత్తవలస ఎటు?"

"ఇప్పుడూరెల్తావా ఏటి?"

"ఎటో చెప్పు."

బంగారురాజు పెరటివైపు చెయ్యి చూపించాడు.

"పెరటి గుమ్మంనించి లెక్కెట్టు. మా మామగారికి మొదలంటే అదే."

గొణుక్కుంటూనే మళ్ళీ తీసి, అటునించి పరిచాడు. మొదటి టైలు పట్టింది. రెండోది పట్టింది. పన్నెండోది కూర్చునేసరికి ఇంత సందు లేదు. బంగారురాజు అంచు మీద బొటనవేలు పెట్టి అటూ ఇటూ రాశాడు. "గ్యాంగ్‌మన్‌కి మేస్త్రి పనెవుడు నేర్పేడో" అన్నాడు. అది మెచ్చుకోలే.

దేవుడమ్మ మాత్రం సుద్దముక్కతో అంకెలు రాసుకుంటోంది. నూట ఇరవైతొమ్మిది పక్కన ఖాళీ, ఖాళీకి అవతల నూట ముప్పైరెండు. కింది వరసలో నూట నలభైతొమ్మిది, ఖాళీ, అవతల నూట యాభైరెండు.

"నాలుగంకెలు లేవన్నా."

"టైల్సు తక్కువైపోయుంటాయి. వదిలీసుంటాడు."

"తక్కువైతే చివర్న తక్కువవ్వాలి గాని నడిమిన ఎలా తక్కువవుతాయి? వీధి గుమ్మం మూల టైలు కదుల్తోంది కదా, దాని నంబరు చూడు."

చూశాడు. 280. వరసకి ఇరవై, పద్నాలుగు వరసలు. లెక్క సరిపోయింది. ఆ నాలుగింటికీ నంబర్లు వేశాడు, పరచలేదు.

"తవ్వింది సాలక లెక్కలు కూడానా" అని వసారాలోంచి వినిపించింది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల."



*

బంగారురాజు భోజనానికి వెళ్ళాక జెండాల పని పట్టింది. మూడు రోజులు తినని మనిషి దూరం వెళ్ళి దాచలేదు. బియ్యం డబ్బా చూసింది, పరుపుచుట్ట కింద చూసింది. తలెత్తి చూస్తే వంటింటి అటక అంచున కర్ర కొస కనిపించింది. అత్తగారు కిందనించే విసిరేసినట్టుంది.

స్టూలెక్కింది. జెండాలు అందాయి. వాటి వెనకాల గోనెగుడ్డ మూటొకటి చేతికి తగిలింది. బరువుగా ఉంది. దింపి ముడి విప్పింది.

నాలుగు టైల్సు. ఒక్కరి కాలూ పడనివి. నీలం నీలంగానే ఉంది. వెనక్కి తిప్పింది. 130, 131, 150, 151.

 ఆ నాలుగింటినీ తీసుకెళ్ళి వసారాలో అత్తగారి ముందు పెట్టింది. జెండాలు పక్కన పెట్టింది. జెండాల మాట ఎత్తలేదు.

వరహాలమ్మ చాలాసేపు వాటినే చూసింది. ఆవిడకి చదువు రాదు, పెనిమిటి రాత మాత్రం తెలుసు.

"ఎక్కడియ్యి?"

"అటక మీద. మూటగట్టి ఉన్నాయి."

"టైల్సు తక్కువైపోయేయన్నాడు" అంది వరహాలమ్మ. "పెళ్ళై వచ్చిన కొత్తలో అడిగేను. నడిమిన ఈ బొక్కేటి అని. తక్కువైపోయేయే, అలగుండనీ అన్నాడు. నాతో అబద్దమాడేడు."

"ఎందుకత్తా?"

"దాని కోసవే."

"ఎవరి కోసం?"

ఆవిడ చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఇరవై ఒక్క ఏళ్ళ మాట ఆ చెంగు వెనకనించి వచ్చింది.

"అప్పలకొండమ్మని ఒకర్తి ఉండేది. లైను మీద కంకర మోసేది. నాను కాపరానికొచ్చే ముందే ఈ పువ్వులన్నీ పరిసేడు మీ మామ. అది దాని కోసవే పరిసేడనీ, నడిమిన దాని రోలుకి సోటొదిలేడనీ లైనోళ్ళ ఆడోళ్ళు నాతో అన్నారు. నాను నమ్మనేదు. మరి మీ మామ సేతులెప్పుడూ ఇప్పనూనె కంపు కొట్టీవి. కంకర మోసే ఆడోళ్ళు తలకి ఇప్పనూనే రాసుకునీవోరు. నిప్పు నేందే పొగొస్తాదా?"

"అడిగేవా?"

"అడగనేదు. అడిగితే అవునంటాడేమోనని భయం."

 ప్రతిదీ అడిగి తేల్చుకునే దేవుడమ్మకి, అడగకుండా కాపురం చేసిన మనిషిని చూస్తే జాలేసింది.

"కొండిరిగి లైను మీద పడిందని పదిరోజులు అటే ఉండిపోనాడు. అప్పుడు మేస్త్రిని పిలిచి ఎర్రసిమెంటు పోయించీసేను. ఇసకెందుకు పరిసేడో నాకు తెల్దు, పువ్వుల మీద పొయ్యడానికి సెయ్యాడనేదేమో. మీ మామ వచ్చేడు. గుమ్మంలో నిల్చుని గచ్చు కేసి సూసేడు. ఎక్కడ తవ్వీస్తాడోనని, పక్కనున్న పిల్లోడి నెత్తి మీద సెయ్యెట్టీసేను. ఈ గచ్చు మీద గునపం పడితే ఈడి మీద ఒట్టు అన్నాను. ఈడికప్పుడు నాలుగేళ్ళు."

"అప్పుడేమన్నారు మామ?"

"ఏటీ అన్నేదు. కాళ్ళు కడుక్కున్నాడు. ఇక్కడే కూకున్నాడు. నాకిక్కడే ఎట్టు అన్నాడు. సచ్చిపోయేదాకా ఇక్కడే తిన్నాడు. నాను దాని సోటు మూసీసేనని నా సేతికూడు నా ఇంట్లో తిననేదు. పందొమ్మిదేళ్ళు."

చెంగు తీసింది. కళ్ళు పొడిగానే ఉన్నాయి.

"ఇప్పుడా గునపం నా కొడుకే ఏయించేడు. ఆడి ఉద్యోగం రైళ్ళ మధ్య. ఆడి మీదేసిన ఒట్టు. నాకు మెతుకెలా దిగుతాదే?"

ఒట్లూ గిట్లూ నమ్మను అని దేవుడమ్మ అనబోయింది. కానీ జయరావు తన మొగుడు కూడా.  నాలుగు టైల్సునీ తీసుకెళ్ళి హాల్లో గోడకి చేరవేసింది. చెయ్యాల్సింది ఇంకేం కనపడలేదు.

*

రెండు దాటాక బీజాపూర్ బస్సొచ్చింది. దానిలోంచి సన్నే దిగింది.

ఇంట్లో అంతా ఆమెని మద్దేడ్ సన్నే అంటారు. పుట్టింది గీదంలోనే, ఇక్కడి గిరిజనుల ఇంట్లో. మద్దేడ్‌లో ఇచ్చారు. నలభై అయిదేళ్ళుంటాయి. ఏటా వాళ్ళ కొత్తల పండగ, అంటే కొత్తపంట మొదట తినే పండగ, అయిన వారంలో పుట్టింటికి వస్తుంది. వస్తూ చిన్న గుడ్డమూటలో కొత్తబియ్యం తెచ్చి ఈ ఇంట్లో ఇచ్చి పోతుంది. పైడయ్యకి పాత పరిచయం, మంచిమనిషి అనుకునేవారు. రెండేళ్ళుగా ఆ బియ్యంతో వరహాలమ్మ పాయసం వండుతోంది. సన్నే మాత్రం ఎన్నిసార్లు పిలిచినా గడప దాటదు. మెట్టు కిందే నిలబడి ఇచ్చి వెళ్ళిపోతుంది.

ఈసారి మెట్టు కింద నిలబడింది గాని మూట ఇవ్వలేదు. తెరిచిన తలుపులోంచి లోపలికి చూస్తూ ఉండిపోయింది.

"తెరిచిండ్రా?" అంది మెల్లిగా.

"ఏంటి సన్నే?" అంది దేవుడమ్మ.

"గా చోటు."

వరహాలమ్మ తలెత్తింది. "ఆ సోటు సంగతి నీకెలా తెల్సు?"

"నాకు తెల్వకపోతే ఎవలికి తెలుస్తదక్కా? మా గుడిసె నడిమి గుంజ గదే చోట ఉండె."

ఆమె మెట్టు పక్కన మట్టి మీద కూర్చుంది. ఎందుకు అంతలా చూస్తున్నారో ఆమెకి అర్థమైనట్టు లేదు. అందరికీ తెలిసిన సంగతే చెబుతున్నట్టు చెప్పుకుపోయింది.

"రైలు పని వచ్చినప్పుడు ఠేకేదారు, గదే కంట్రాక్టరు, ఆఫీసు కట్టాల్నని మా గుడిసె పీకిచ్చిండు. నేను చిన్నపిల్లని. గుంజ పీకింది పైడయ్యనే. అప్పటికి మీసాలు గూడ రాలే. పీకుమన్నరు, పీకిండు. కొత్తలప్పుడు మేం కొత్తబియ్యం మొదలు సచ్చిపోయిన మా పెద్దోళ్ళకు పెడ్తం, గుంజ కాడ. వాళ్ళకు పెట్టంది మేం తినం. గుంజ పోయినంక మా అయ్య రెండేండ్లు కొత్తలు తినలే."

"తర్వాత?" అంది దేవుడమ్మ.

"ఠేకేదారు పోయినంక ఇల్లు పైడయ్యకు వచ్చింది. సాహెబుల బంగ్లాకు తెచ్చి మిగిలిన టైల్సు అడుక్కొచ్చి పరుస్తుండె. సగం పరిచినంక ఏం తోచిందో, మా అయ్య కాడికి వచ్చిండు, మాసా ఆయన పేరు. మీ గుంజ చోటు ఇడుస్త, ఏటా వచ్చి పెట్టుకోండ్రి అన్నడు. గట్లనే పెట్టుకున్నం. పైడయ్యనే మాకు తలుపు తీసెటోడు, నువ్వు సంతకు పోయినప్పుడు. నీకు జెప్పలేదా అక్కా?"

వరహాలమ్మ తల అడ్డంగా ఊపింది.

"సిగ్గుండె ఆయనకు. గుంజ పీకిన చేతులని."

"ఇప్పనూనె?" అని అడిగింది దేవుడమ్మ. అడిగి అత్తగారి వైపు చూడలేదు.

"మా ఇంటి నుంచి కొంచబోయెటోడు. టైల్సుకు రాస్తే రంగు పోదని మా అమ్మ జెప్పింది. మీరు గూడ రాయుండ్రి, ఎట్ల తెల్లబడ్డయో చూడు."

 తెలిసీ తెలియని ఇప్పనూనె వాసన ఎక్కడో మళ్ళీ వచ్చినట్టు వరహాలమ్మ అరచేతులు చూసుకుంది.

"మూసీసిన ఏడు ఏటైనాది?" అంది చివరికి.

"ఆయనే వచ్చిండు. నేనే మూసిన మామా అన్నడు. ఎందుకు మూసినవని మా అయ్య అడగలే. మా పెద్దోళ్ళు తినని ఇంట్ల నువ్వు గూడ తినొద్దు, తెరిచినాడు తిను అన్నడు. సరే అన్నడు."

"నేనే మూసేనన్నాడా?"

"అవునక్కా. ఏంది, ఆయన గాదా?"

వరహాలమ్మ తను కూర్చున్న గచ్చు మీద చెయ్యి వేసి నిమిరింది. పందొమ్మిదేళ్ళు ఒక మనిషి కూర్చుని తిన్న చోటు అది. కొడుకు మీద పెళ్ళాం వేసిన ఒట్టు దాటలేక గచ్చు తవ్వలేదు. మాసాకిచ్చిన మాట దాటలేక లోపల తినలేదు. ఏ ఒక్కటీ ఎవరికీ చెప్పలేదు. ఎంత మొండి మనిషి అని దేవుడమ్మకి కోపమొచ్చింది. ఆ కోపంలోనే కన్నీళ్ళొచ్చాయి.

"బియ్యం" అంది వరహాలమ్మ. "రెండేళ్ళు నా సేతికిచ్చేవు. నాను పాయసం వండీసేను."

"నువ్వు పెడ్తున్నవనుకున్న. మూసినంక పైడయ్య గా మెట్టు కాడ ఆకేసి పెట్టెటోడు, మాకు చూపించెటోడు." సన్నే మూటని రెండు చేతుల్తో పట్టుకుంది. "పోనీలే. తెల్వదు గదా."

"ఇప్పుడు తెరిచేం. లోపలికి రా సన్నే. పెట్టుకో."

సన్నే లేచింది. గడప దాకా వచ్చి ఆగింది.

"మా అయ్య చెప్పిన మాట. ఆయన పోయిండు. ఇప్పుడు అన్న భీమా జెప్పాలె, పెట్టొచ్చా, మీరు తినొచ్చా అని. సాయంత్రంలోపల తీస్కొస్త." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "అన్న ఏమంటడో నాకు తెల్వదక్కా. గుంజ పీకిన దినం ఆయన గూడ చూసిండు."

*

సన్నే వెళ్ళాక వరహాలమ్మ లేచి కాళ్ళూ చేతులూ కడుక్కుంది. అన్నం ఎట్టే అంది. లోపల పెట్టబోతే వద్దంది. స్తంభం దగ్గరే కూర్చుని, మూడు రోజుల తర్వాత మొదటి ముద్ద కలిపింది. కలిపింది గాని నోట పెట్టుకోలేదు. అలా పళ్ళెంలో వేళ్ళు పెట్టుకునే వీధి కేసి చూస్తోంది.

నాలుగింపావుకి సైకిలు బెల్లు మోగింది. ఆవిడ భుజాలు అప్పుడు దిగాయి.

జయరావు ఆకలిమీద ఉన్నాడు. తల్లి పళ్ళెం ముందుండడం చూసి మొహం విప్పారింది. "హమ్మయ్య" అనుకుంటూ లోపలికెళ్ళాడు. కడిగిన హాలు కేసి చూసి ఇంకా సంబరపడ్డాడు. గోడవార ఉన్న నాలుగు టైల్సు చూశాడు.

"ఇయ్యెక్కడివి? సరిగ్గా పడతాయే. రేపు బంగారురాజు చేత పెట్టించేద్దాం."

వంటింట్లోంచి తనే పళ్ళెంలో అన్నం, పప్పు వేసుకొచ్చాడు. పువ్వుల మధ్య, ఖాళీచోటు పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. దేవుడమ్మ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. చెప్పాలా, చెప్పాల్సింది తనేనా?

జయరావు ముద్ద కలిపాడు.

"బాబూ, అక్కడ తినకు" అంది వరహాలమ్మ వసారాలోంచి.

"ఎందుకమ్మా?"

అదే ప్రశ్న. ఆవిడ పెళ్ళైన కొత్తలో ఒక్కసారే అడిగి, ఇంకెప్పుడూ అడగనిది. వరహాలమ్మ కళ్ళు గోడవారకి వెళ్ళాయి. నాలుగు టైల్సూ అక్కడే, అందరికీ కనపడేలా ఉన్నాయి. పైడయ్య చెప్పిన జవాబు ఇప్పుడు చెల్లదు.

పళ్ళెం పక్కకి పెట్టి లేచింది. గడప దగ్గరికొచ్చి, దాటకుండా నిలబడింది.

"మీ నాన్న ఈ ఇంట్లో ఎందుకు తిననేదో నీకు తెల్దు కదా" అంది. "నా వల్లే తిననేదురా. నీ నెత్తి మీద సెయ్యెట్టి ఒట్టేసేను."

జయరావు చేతిలోని ముద్ద చేతిలోనే ఉంది. వీధిలో, సన్నే వెనకాల, భుజాన కొత్తగా చెక్కిన గుంజ మోసుకుని భీమా వస్తున్నాడు.